దివిటిపల్లి నుంచి చూస్తే చైనా

పాలమూరు అని పిలిచే మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో అమరరాజా సంస్థ లిథియం బ్యాటరీల గిగా ఫ్యాక్టరీకి 2023 మే నెలలో శంకుస్థాపన జరిగింది. పదేళ్లలో రూ.9,500 కోట్ల పెట్టుబడి అన్నారు. మరుసటి ఏడాది జూన్‌లో సెల్ తయారీ పరిజ్ఞానం కోసం ఆ సంస్థ ఒక లైసెన్సు ఒప్పందం కుదుర్చుకుంది. కాగితం మీద అవతలి పక్షం స్లొవేకియా కంపెనీ. దాని వెనకున్నది చైనాలోని హెఫెయ్ నగరానికి చెందిన గోషన్ హైటెక్. అందులో ప్రధాన వాటాదారు జర్మనీకి చెందిన ఫోక్స్‌వ్యాగన్. కార్ల తయారీలో ఆరితేరిన జర్మన్లే బ్యాటరీ కోసం చైనా గడప తొక్కారంటే, చైనాది చవక సరుకు, నకలు సరుకు అన్న పాశ్చాత్యుల పాత లెక్క ఎక్కడో తప్పింది.

2001 డిసెంబరులో చైనా ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరినప్పుడు ఆ లెక్క సూటిగానే ఉండేది: ఆలోచన మాది, లాభం మాది, కూలిపని వాళ్లది. కానీ చేసే పనిలోనే తెలివి పుడుతుందన్న సంగతి వాళ్లు మరిచారు. దేశమంతా ప్రాజెక్టుల పనులకు వలసపోయిన పాలమూరు జనానికి ఇది చెప్పనక్కర్లేదు. మట్టి తవ్వడానికీ ఒడుపు కావాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ కథ చూడండి. అది 1990లలో అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో, జాన్ గుడెనఫ్ బృందం చేతుల్లో పుట్టింది. ఆ రకం బ్యాటరీలు చేయడానికి ఎంఐటీ పరిశోధకులతో మొదలైన ఏ123 కంపెనీ 2012లో దివాలా తీసింది. మరుసటి ఏడాది చైనాకు చెందిన వాన్‌షియాంగ్ దాన్ని కొనేసింది. చైనా కంపెనీలు అదే రసాయనాన్ని బస్సుల్లో, కార్లలో పెట్టి, ఏటేటా వృథా తగ్గించి, ధర దించుకుంటూ వచ్చాయి. నేడు ప్రపంచంలోని లిథియం బ్యాటరీల్లో మూడొంతులకు పైగా అక్కడివే.

ఇదంతా సర్కారు సొమ్ముతో సాధించిందేనని కొందరంటారు. సబ్సిడీలు నిజమే, విదేశీ బ్యాటరీలను కొన్నేళ్లు పక్కన పెట్టిందీ నిజమే. అయితే ఏ123కు అమెరికా ప్రభుత్వమూ 2009లో దాదాపు 25 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. అక్కడ కరువైంది కొనేవాళ్లు. చైనా తయారీదారుతో పాటు కొనుగోలుదారునీ ఏళ్ల తరబడి ఆదుకుంది. చైనా మీద ఆధారపడటం ప్రమాదమన్న మరో వాదన మాత్రం గట్టిది. 2025 జులైలో చైనా ఇదే రకం బ్యాటరీల కేథోడ్ తయారీ పరిజ్ఞానం ఎగుమతిపై ఆంక్షలు పెట్టింది. ఒకప్పుడు నకలు కొడుతోందని నిందలు పడ్డ దేశం నేడు తన విద్యకు తాళం వేస్తోంది. దీనికి సుంకాలు మందు కావు. అమెరికా 2024లో చైనా విద్యుత్ కార్లపై సుంకాన్ని నూరు శాతానికి పెంచింది. సుంకం సరుకును ఆపుతుంది గానీ చేతికి పని నేర్పదు.

మనకు కావలసిన పాఠం ఇక్కడే ఉంది. వంటల పుస్తకం కొన్నంత మాత్రాన చెయ్యి తిరగదు, లైసెన్సూ అంతే. స్థలం, కరెంటు, రోడ్డు ఇస్తే ఫ్యాక్టరీ వస్తుంది. విద్య రావాలంటే ఐటీఐలలో, పాలిటెక్నిక్‌లలో చదివే ఇక్కడి పిల్లలను గేటు దగ్గర కాపలాకో, లారీల్లో ఎత్తిదింపే పనికో వదిలేయకుండా సెల్ తయారీ లైను మీదికి తీసుకోవాలి. ఆ లైను మీది యంత్రం మొరాయిస్తే మరో దేశానికి ఫోన్ చేయకుండా బాగుచేయగల పాలమూరు పిల్లలు ఎంతమంది తయారయ్యారు? పదేళ్ల తర్వాత దివిటిపల్లిని అడగాల్సిన లెక్క అదే.