రాగి గొట్టంలో చెంచాడు నీళ్లు

అనంతపురంలో ఎండలూ పెళ్లి ముహూర్తాలూ కలిసే ముదురుతాయి. వైశాఖం వచ్చేసరికి స్టూడియోల్లో పెళ్లి వీడియోలు కుప్పపడతాయి. బయట ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటేసి ఉంటుంది. డ్రోన్‌తో తీసిన 4కె దృశ్యాలకు రంగులు దిద్ది, పాటలు కలిపి, చివరి వీడియోను బయటికి తీసే రెండరింగ్ పనిలో పెద్ద బరువు ఇప్పుడు కంప్యూటర్‌లోని గ్రాఫిక్స్ కార్డు మీదే పడుతోంది. దానికి చేతినిండా పని దొరికేది సరిగ్గా ఎండలు ముదిరిన ఆ రోజుల్లోనే.

ఖరీదైన కార్డు ఎంత వేడి పుట్టిస్తుంది? 2022లో వచ్చిన ఎన్‌విడియా ఆర్‌టిఎక్స్ 4090 విద్యుత్ వాడకం 450 వాట్లు. 2025 జనవరిలో వచ్చిన 5090కి అది 575 వాట్లయింది. ఎన్ని కోట్ల లెక్కలు చేసినా లోపలికి వెళ్లిన కరెంటంతా చివరికి వేడిగానే బయటికొస్తుంది. 4090లోని చిప్ వైశాల్యం 609 చదరపు మిల్లీమీటర్లు. పక్కకు రెండున్నర సెంటీమీటర్లున్న ఆ చిన్న పలకలో 7,630 కోట్ల ట్రాన్సిస్టర్లున్నాయి. కార్డు వేడిలో అధిక భాగం అక్కడే పుడుతుంది. దాన్ని క్షణం ఆలస్యం లేకుండా అక్కడి నుంచి తరలించాలి.

మొదట్లో ఈ బెడద లేదు. 1996లో త్రీడీ ఆటలకు ఊపు తెచ్చిన 3డిఎఫ్ఎక్స్ వూడూ కార్డు చిప్‌ల మీద అల్యూమినియం రేకు ముక్క కూడా ఉండేది కాదు. 1999లో జీఫోర్స్ 256 వచ్చేనాటికి చిన్న ఫ్యాను అవసరమైంది. 2003లో ఎఫ్ఎక్స్ 5800 అల్ట్రా ఫ్యాను చేసిన రొదకు జనం ఎంతగా నవ్వారంటే, చివరికి తయారీ కంపెనీయే తన కార్డును ఆటపట్టిస్తూ వీడియో తీసి విడుదల చేసింది. 2010 నాటి జిటిఎక్స్ 480 దగ్గర లెక్క 250 వాట్లకు చేరింది. ఫ్యాను సైజు పెంచితే తీరే సమస్య కాదని అప్పటికే అందరికీ అర్థమైంది. చిప్ దగ్గర పుట్టిన వేడి దాని మీద బిగించిన లోహపు రేకుల చివరిదాకా పాకితేనే కదా ఫ్యాను గాలి దాన్ని ఊడ్చుకుపోయేది! ఒట్టి లోహం ఆ పని తగినంత వేగంగా చేయలేదు.

ఆ పని చేసిపెట్టేది నీళ్లే.

నేటి కార్డును విప్పి చూస్తే రేకుల మధ్య నుంచి దూసుకుపోయే రాగి గొట్టాలు కనిపిస్తాయి. ఒక్కొక్కటి ఆరు నుంచి ఎనిమిది మిల్లీమీటర్ల లావు ఉంటుంది. చూడటానికి గట్టి కడ్డీలే అనిపిస్తాయి కానీ లోపల బోలు. లోపలి గోడకు సన్నని రాగి పొడిని కాల్చి అంటించి ఉంటారు. అందులో కొద్దిగా స్వచ్ఛమైన నీళ్లు పోసి, గాలినంతా లాగేసి, రెండు కొసలూ మూసేస్తారు. గాలి లేదు కాబట్టి నీళ్లు మరగడానికి 100 డిగ్రీలు అక్కర్లేదు. వాతావరణ పీడనంలో పదమూడో పద్నాలుగో వంతు పీడనం దగ్గర అవి 40 డిగ్రీలకే మరుగుతాయి. చిప్ వైపు కొసలో నీళ్లు ఆవిరై, ఆ ఆవిరి చల్లటి కొసకు పరుగెత్తి, రేకులకు వేడిని అప్పగించి మళ్లీ నీళ్లవుతుంది. దీపం వత్తి నూనెను పైకి లాగినట్టు రాగి పొడి ఆ నీళ్లను తిరిగి చిప్ దగ్గరికి లాగుతుంది. దీనికి మోటారు లేదు, పంపు లేదు, కరెంటు ఖర్చు లేదు.

దీన్ని కనిపెట్టినవాళ్ల ఆలోచనలో కంప్యూటర్లు లేవు. 1942లో అమెరికాలో జనరల్ మోటార్స్ ఇంజనీరు రిచర్డ్ గాగ్లర్ ఫ్రిజ్‌ల కోసం ఈ ఊహకు పేటెంటు కోరాడు. 1944లో పేటెంటు వచ్చింది కానీ కంపెనీకి దానితో పని పడలేదు. ఇరవై ఏళ్లకు, 1963లో, లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ అదే సూత్రాన్ని విడిగా మళ్లీ కనుక్కుని 'హీట్ పైప్' అని పేరుపెట్టాడు. ఆయన చూపు అంతరిక్షం మీద ఉంది. భారరహిత స్థితిలో నీరు పల్లానికి పారదు, అక్కడ పల్లమే లేదు. వత్తి గుణం మాత్రం అక్కడా పనిచేస్తుంది. ఉపగ్రహాల కోసం పదునెక్కిన ఆ విద్యే ఇవాళ స్టూడియో బల్ల కింది డబ్బాలోకి వచ్చింది.

ఈ గొట్టాల పని వేగం చెబితే నమ్మబుద్ధి కాదు. 450 వాట్ల వేడిని మోయాలంటే గంటకు దాదాపు 670 గ్రాముల నీరు ఆవిరి కావాలి. కార్డులోని గొట్టాలన్నీ కలిపినా ఉండేది కొద్ది మిల్లీలీటర్లే. అంటే ఆ చెంచాడు నీళ్లే గంటకు వంద సార్లకు పైబడి ఆవిరై, నీరై, తిరిగొస్తున్నాయన్నమాట. కార్డు పాడయ్యేదాకా, ఏళ్ల తరబడి, అవే నీళ్లు.

ఆ చెంచాడులో కొంచెం తగ్గితే ఏమవుతుందో 2022 డిసెంబరులో లోకం చూసింది. ఏఎండీ సొంత డిజైన్‌తో కొత్తగా తెచ్చిన ఆర్ఎక్స్ 7900 ఎక్స్‌టిఎక్స్ కార్డుల్లో గొట్టాలకు బదులు వేపర్ చాంబర్ వాడారు. గొట్టాన్నే పలకలా పరిచిన రూపం అది. కొందరి కార్డుల్లో చిప్ మీది అతి వేడి బిందువు 110 డిగ్రీలను తాకింది, వేగం పడిపోయింది. క్యాబినెట్‌లో కార్డు అడ్డంగా ఉన్నప్పుడు బాధ ఎక్కువ. ఒక జర్మన్ ఓవర్‌క్లాకర్ (చిప్‌లను నిర్ణీత వేగానికి మించి పరుగెత్తించేవాడు) వరుస పరీక్షలతో వేలు వేపర్ చాంబర్ వైపు చూపించాడు. 2023 జనవరిలో కంపెనీ ఒప్పుకుంది: కొన్ని చాంబర్లలో సరిపడా నీళ్లు లేవు. మూడు ఫ్యాన్ల గాలి, పుంజీల కొద్దీ రేకులు, అన్నీ బాగానే ఉన్నాయి. నీటికే కొరత వచ్చింది. కరవు సీమ పాఠకుడికి ఇంతకు మించి వివరించాల్సిన పని లేదు.

అసలు నీళ్లనే నేరుగా పంపుతో తిప్పితే పోదా? అదీ జరిగింది. కొవ్వూరులో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్, ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎంటెక్ చదివిన రాజా కోడూరి ఏఎండీ గ్రాఫిక్స్ విభాగానికి నాయకత్వం వహిస్తున్న రోజుల్లో, 2017లో, ఆర్ఎక్స్ వేగా 64 వచ్చింది. ఒకే చిప్‌ను రెండు రకాలుగా అమ్మారు. గాలితో చల్లబడేదాన్ని 295 వాట్ల దగ్గర ఆపితే, ద్రవంతో చల్లబడేదాన్ని 345 దాకా వదిలారు. చల్లదనం పెరిగితే ఎంత అదనపు వేగం పిండుకోవచ్చో చెప్పడానికి ఇంతకంటే సూటి ఉదాహరణ దొరకదు. అయితే ద్రవం వేడిని రేడియేటర్ దాకా మాత్రమే తీసుకెళ్తుంది. అక్కడి నుంచి దాన్ని మోయాల్సింది మళ్లీ గది గాలే. ఎంత ఖరీదైన వాటర్ కూలింగ్ అయినా చిప్‌ను గది ఉష్ణోగ్రత కన్నా కిందికి దించలేదు.

అనంతపురం కథ అసలు మొదలయ్యేది ఇక్కడే. కూలర్ శక్తిని కొలిచేది గది గాలికీ చిప్‌కీ మధ్య తేడాతో. 25 డిగ్రీల గదిలో ఒక కార్డు 65 దగ్గర నిలిచిందనుకుందాం. అదే కార్డు, అదే పని, 42 డిగ్రీల గదిలో చేస్తే 82 దగ్గరికి వెళ్తుంది. 4090కి గరిష్ఠ పరిమితి 90. పైగా చిప్ వేడెక్కే కొద్దీ ట్రాన్సిస్టర్ల నుంచి వృథాగా కారిపోయే కరెంటు కూడా పెరుగుతుంది. రేకుల గుండా పోయే గాలి 10 డిగ్రీలు మాత్రమే వేడెక్కాలంటే సెకనుకు సుమారు 40 లీటర్ల గాలి కావాలి. కంప్యూటర్ బల్ల చెక్క అరలో, గోడకు ఆనించి, తలుపేసి పెట్టిన క్యాబినెట్‌కు అంత గాలి ఎక్కడిది? వదిలిన సెగనే మళ్లీ పీలుస్తుంది.

మిద్దె మీద పగలంతా పడిన ఎండ రాత్రి పొద్దుపోయేదాకా గదిలోకి దిగుతూనే ఉంటుంది. దీనికి అనంతపురంవాళ్లకు తెలిసిన ఉపాయం కిటికీ కూలర్. పొడి గాలి ఈ నేలకు శాపమే అయినా కూలర్‌కు వరం. 42 డిగ్రీల వేడి, 20 శాతం తేమ ఉన్న మధ్యాహ్నం తడి ప్యాడ్ గుండా వచ్చే గాలి సిద్ధాంతరీత్యా 24 దాకా దిగగలదు. మంచి కూలర్ 28, 29 డిగ్రీల గాలిని ఇస్తుంది. అదే కోస్తాలో 36 డిగ్రీల వేడి, 65 శాతం తేమ ఉన్న రోజున ఎంత గింజుకున్నా 30 కిందికి రాదు. కార్డు లోపలా కిటికీలోనూ పనిచేసేది ఒకే సూత్రం: నీరు ఆవిరవుతూ వేడిని మింగడం. కార్డు వదిలే 450 వాట్లను మింగడానికి కూలర్‌లోనూ గంటకు అదే 670 మిల్లీలీటర్లు ఆవిరి కావాలి. మిద్దె వేడినీ అదే మోయాలి కాబట్టి అసలు తాగేది అంతకు చాలా రెట్లు. గొట్టంలో నీళ్లు వెనక్కొస్తాయి, కిటికీలోవి రావు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటుగా వాన పడే చోట, బోర్లు ఎండి ట్యాంకర్ కోసం బిందెలు వరుస కట్టే వీధుల్లో, ఈ తేడా చిన్నది కాదు. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నంలో 1,500 కోట్ల డాలర్ల ఏఐ కేంద్రాన్ని ప్రకటించినప్పుడు ఉద్యోగాల గురించి అడిగిన వాళ్లంతా నీళ్ల గురించి కూడా అడగాల్సింది. అలాంటి చోట్ల కార్డులు వేలల్లో ఉంటాయి.

కూలర్ గాలిని నేరుగా క్యాబినెట్ మీదికి మాత్రం తిప్పకూడదు. ఇక్కడి బోరు నీళ్లలో లవణాలెక్కువ, ప్యాడ్ల మీద తెల్లగా పెచ్చు కట్టేది అవే. ఆ తుంపర సర్క్యూట్ మీద ఆరితే ఉప్పు మిగులుతుంది. తడికి దుమ్ము తోడైతే రేకుల మధ్య గట్టిపడుతుంది.

దుమ్ముకు ఇక్కడ కొదవా! జూన్ నుంచి వీచే గాలులకు రామగిరి, కడవకల్లు కొండల మీద గాలిమరలు తిరుగుతాయి. అదే గాలి వేరుశనగ కోసం దున్నిన చేలలోని ఎర్రమట్టిని ఇళ్లలోకి మోసుకొస్తుంది. కార్డు రేకుల మధ్య సందు ఒకటి రెండు మిల్లీమీటర్లే. ఏడాదిపాటు పట్టించుకోని కార్డు ఫ్యాన్లను విప్పితే, రేకుల మీద పేరుకున్న ఎరుపు బూడిద రంగు పొర వేలితో లాగితే ఒకే ముక్కగా ఊడి వస్తుంది. గాలి లోపలికి తోసే ఫ్యాన్లు బయటికి లాగే వాటికన్నా ఎక్కువ పెట్టి, వాటికి జాలీ ఫిల్టర్లు బిగిస్తే, సందుల్లోంచి దుమ్ము దూరదు. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టుకోవాలి. లేకపోతే అది అతివేగంగా తిరిగి బేరింగ్ దెబ్బతింటుంది.

దుమ్ము దులిపినా వేడి తగ్గకపోతే చిప్‌కూ రాగికీ మధ్య ఉండే థర్మల్ పేస్టును అనుమానించాలి. రోజూ వేడెక్కి చల్లారే ఒత్తిడికి అది అంచులకు జారిపోతుంది. సగటు ఉష్ణోగ్రతకూ అతి వేడి బిందువుకూ తేడా 25 డిగ్రీలు దాటుతుంటే చాలావరకు కారణం అదే.

అన్నిటికన్నా చవకైన మార్గానికి స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు. సాఫ్ట్‌వేర్‌లో విద్యుత్ పరిమితిని 70 శాతానికి తగ్గిస్తే 4090 వాడకం 450 నుంచి 315 వాట్లకు దిగుతుంది. వేగంలో నష్టం మాత్రం చాలా తక్కువని పరీక్షల్లో తేలింది, ఎందుకంటే ఆ చివరి 135 వాట్లు పిసరంత వేగం కోసం తగలేసేవి. మే నెల రాత్రుల్లో ఇక్కడి పొడి గాలి తెల్లవారుజాముకు 26, 27 డిగ్రీలకు దిగుతుంది. పగలు ఎడిటింగ్ ముగించి, రెండరింగ్ వరుసను తెల్లవారుజామున మూడు గంటలకు మొదలయ్యేలా టైమర్ పెట్టి, కిటికీలు తీసి ఉంచితే కూలర్‌లో చుక్క నీరు పోయకుండానే పెళ్లివారి వీడియో పొద్దున్నే సిద్ధమవుతుంది.