మీ మిద్దె మీది కోతి ఏ కోతి?

మిద్దె మీద నిశ్చింతగా వడియాలు పెట్టుకుని ఎన్నాళ్ళయింది చెప్పండి? మోర్తాడ్ వైపు ఇళ్ళలో ఆరబోసిన మక్కలకూ, పెరట్లో సోరపాదుకూ ఎవరో ఒకరు కట్టె పట్టుకుని కాపలా కూర్చోవలసిందే. పాడు కోతులు అని అన్నిటినీ కలిపి తిట్టేస్తాం గాని, ఈసారి గోడెక్కినప్పుడు కాస్త నిదానంగా చూడండి.

నడినెత్తి నుంచి జుట్టు చుట్టూ పరుచుకుని టోపీ పెట్టినట్టుందా? తోక ఒంటికన్నా పొడుగ్గా ఉందా? అయితే అది మన సొంత కోతి. దక్షిణ భారతంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా దానికి అడవి లేదు. తోక పొట్టిగా ఉండి, వెనక భాగం ఎరుపు తిరిగితే మాత్రం ఉత్తరాది ఎర్రకోతి. నల్లమొహం కొండముచ్చు సంగతి మీకు చెప్పనక్కర్లేదు.

వెనకట ఈ రెండింటికీ మన గోదావరే హద్దు. సింధు రాధాకృష్ణ, అనింద్య సిన్హా తదితర శాస్త్రజ్ఞులు 2011లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం ఎర్రకోతి ఆ హద్దు దాటి దక్షిణానికి పాకుతోంది, టోపీ కోతికి చోటు తగ్గుతోంది. మన ఇంటి మీద పడి తినే కోతి కూడా ముప్పున్న జాతుల జాబితాలో ఉందంటే నమ్మబుద్ధి కాదు కదూ! ఒక ఊళ్ళో పట్టి ఇంకో ఊరి పొలిమేరలో వదిలేస్తే బాధ పొరుగింటికి మారుతుందంతే. పైగా ఏ జాతి ఎక్కడిదో కూడా చూడకుండా వదులుతారాయె.

అడవిలో ఉంటే అది మేడి, నేరేడు పండ్లు బుగ్గల సంచుల్లో కుక్కుకుని, దూరంగా పోయి గింజలు ఉమ్మేస్తుంది. కూలి అడగకుండా చెట్లు నాటే మనిషనుకోండి! ఊళ్ళో అన్నం, అరటిపండ్లు రుచి మరిగాక రోజంతా వెతుక్కునే పని లేదు. తిండి పుష్కలమైతే ఏటా ఒక పిల్లను కంటుంది. శనివారం హనుమంతుడి పేరు చెప్పి పండ్లు విసురుతాం చూడండి, ఆ మంద పెరగడానికి అదీ ఒక కారణమే. నన్నడిగితే, ఆ పండ్లేవో గుళ్ళోనే పిల్లలకు పంచితే స్వామి ఏమీ అనుకోడు.

2015లో హరితహారం మొదలైనప్పుడు కోతులు తిరిగి అడవికి పోవాలన్నారు. నాటిన మొక్క కాయాలంటే ఏళ్ళు పడుతుంది. 2020 డిసెంబరులో నిర్మల్ దగ్గర చించోలిలో కోతులకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల కేంద్రం తెరిచారు. మంచిదే. కాని ఆపరేషనైన కోతికీ ఆకలేస్తుంది కదా!

అందుకే వంటింటి కిటికీకి జాలీ కొట్టించండి. ఎంగిలి మెతుకులు గోడవతల పోయకండి, చెత్తడబ్బాకు గట్టి మూత ఉండాలి. ఎదురుపడితే కళ్ళలోకి గుచ్చి చూడొద్దు, చేతిలోది లాక్కుంటే వదిలేయండి. కరిచినా, గీరినా సబ్బుతో ధారగా పారే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు పండే ఊళ్ళో ఈ మాట ఎవరూ వినరు గాని, గాయం మీద పసుపు, కారం, సున్నం ఏవీ అద్దకండి. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి, కుక్కకాటుకు వేసే సూదులే దీనికీ వేస్తారు.