గది కట్టే ముందు లెక్క కట్టండి

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. మన కూలి కుటుంబాలకు ఈ రెండూ ఒకేసారి వచ్చిపడతాయి. కొడుక్కి పెళ్లవుతుంది. ఉన్నది ఒక్క గది. కోడలు కాపురానికొచ్చిన రోజునుంచి ముసలివాళ్ల మంచం వసారాలోకి చేరుతుంది. వానొస్తే పక్కింటి అరుగే దిక్కు. వేరే జాగా లేదు గనుక ఉన్న స్థలంలోనే పాత ఇంటి పక్కన మరో గది లేపాలి.

మేస్త్రీ వస్తాడు, కాళ్లతో అడుగులు కొలుస్తాడు, "ఇంతలో అయిపోద్ది బాబాయ్" అంటాడు. ఆ మాట పట్టుకుని అప్పు తెస్తాం. లింటలు దాకా లేచేసరికి డబ్బు అయిపోతుంది. నూటికి నెలకు 3 రూపాయల వడ్డీకి మరో 50,000 తెస్తే ఏడాదికి వడ్డీయే 18,000. శ్లాబు పడని మొండిగోడలు ఏ పేటలో లేవు? మేస్త్రీ మోసగాడని కాదు, అతనూ రెక్కల మీద బతికేవాడే. తప్పల్లా లెక్క కాగితం మీద లేకపోవడమే.

ధరలు ఊరికో తీరు. కొలతలు మాత్రం ఎక్కడైనా ఒకటే. లోపల 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, 9 అడుగుల ఎత్తు, 9 అంగుళాల ఇటుక గోడ, ఒక తలుపు, రెండు కిటికీలు, పైన శ్లాబు ఉన్న గదినే తీసుకోండి. పునాది 3 అడుగుల లోతు, నేలమీద రాతికట్టు అడుగున్నర అనుకుంటే సుమారుగా ఇవి కావాలి:

సిమెంటు 60 బస్తాలు. ఇందులో పునాదికి 18, గోడలకు 11, పూతకు 7, శ్లాబుకు 15, మిగిలినవి నేలకు, లింటళ్లకు.
ఇటుకలు విరుగుడుతో కలిపి 4,200.
ఇసుక 3 యూనిట్లు, అంటే 300 ఘనపుటడుగులు.
కంకర ఒకటింపావు యూనిటు.
పునాది రాయి 3 యూనిట్లు.
ఇనుము 180 కిలోలు.
నేల నింపడానికి మట్టి 180 ఘనపుటడుగులు.

ఇది గట్టినేల లెక్క. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. అక్కడ ఈ లోతు చాలదు, పునాది ఖర్చు పెరుగుతుంది. పాత గోడకు ఆనించి కడితే ఒక గోడ మిగులుతుందని ఆశపడకండి. మట్టిగోడ, సన్నగోడ శ్లాబు బరువు మోయలేవు.

ఇక ధరలు. ఒక్క కొట్టులో కాదు, మూడు చోట్ల అడగండి. బట్టీ దగ్గర ధర వేరు, మీ గుమ్మం ముందు దించిన ధర వేరు. దించిన ధరే రాసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి ఇసుక ఉచితమన్నారు. ఎత్తుడు కూలి, ట్రాక్టరు బాడుగ ఉచితం కావు కదా! సిమెంటు మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22న 28 శాతం నుంచి 18కి తగ్గింది. ఆ తగ్గుదల మీ బిల్లులో కనపడిందా? అడగండి.

తలుపులు, కిటికీలు, కరెంటు తీగలు, సున్నం, సెంట్రింగు అద్దె వేరే వరసలో రాయండి. మేస్త్రీ కూలి అడుగు లెక్కన గుత్తకిస్తే అందులో ఏ పని కలిసిందో, ఏది కలవలేదో ముందే తేల్చుకోండి. మొత్తంమీద పదో వంతు చేతిలో ఉంచుకోండి.

ఇంకో వరస ఉంది, మనం ఎప్పుడూ రాయనిది. గోతులు తవ్వేది మనమే. ఇటుకలు మోసేది, గోడలు తడిపేది ఇంటి ఆడవాళ్లే. ఆ రోజుల్లో పొలం కూలి పోతుంది. అదీ ఖర్చే. రోజులు లెక్కపెట్టి, మీ ఊరి కూలి రేటుతో హెచ్చవేసి రాయండి.

ఈ కాగితం మరో పనికీ వస్తుంది. గ్రామీణ ఆవాస్ యోజనకు 2016లో మైదాన ప్రాంతంలో ఇంటికి 1.20 లక్షలు అన్నారు. పథకాన్ని 2024లో పొడిగించినప్పుడూ ఆ మొత్తం పెరగలేదు. ఇల్లు కనీసం 25 చదరపు మీటర్లు, అంటే 269 చదరపు అడుగులు ఉండాలంటారు. భాగించి చూడండి: అడుగుకు 446 రూపాయలు. తెలంగాణలో 2024లో మొదలైన ఇందిరమ్మ ఇళ్లకు 5 లక్షలు ప్రకటించారు. అక్కడా మొదటి బిల్లు బేస్‌మెంటు లేచాకనే. అందాకా పెట్టుబడి ఎవరిది? వడ్డీ ఎవరిది?

సర్కారు ఇచ్చేది సాయం, అంచనా కాదు. అంచనా మనం వేయాలి. పేటలో పదిమంది కూర్చుని, చదువుకున్న పిల్లలచేత రాయించి, ఊరి ధరలతో ఒక లెక్క తయారుచేయండి. గది కట్టేవాళ్లకు అది దారి చూపుతుంది. మొత్తం పెంచమని అర్జీ పెట్టేటప్పుడు దాన్నే జతచేయండి. "చాలడం లేదు సార్" అంటే వినని ఆఫీసరు ఈ లెక్కకు జవాబు చెప్పాలి.