కారులోని శ్రవణసుఖము, శరీరసుఖము

కామారెడ్డియొద్ద 44వ నంబరు జాతీయ రహదారిని విడిచి యెల్లారెడ్డివైపు మరలు వాహనచోదకునకు వేగమొక్కటియే చాలదు. శ్రవణసుఖమును, శరీరసుఖమును గూడఁ గావలయును. 2022లో మన దేశమున విడుదలయైన ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ వంటి చుఱుకైన సెడాన్ల పైశ్రేణి రకములలో 10 అంగుళముల టచ్‌స్క్రీన్, 8 స్పీకర్లు, గాలియాడు ముందు సీట్లు కలవు. తొలుత బ్లూటూత్ ఫోనును గుర్తించి కారుతో జతపఱుపఁగా, పిమ్మట వైఫై పటమును, పాటను తెరకుఁ జేరవేయును. కావునఁ దీఁగతోఁ బనిలేదు. సీటులోని చిన్న ఫ్యాను కవరునందలి సన్నని రంధ్రములగుండ గాలిని నడపుటచే, వైశాఖపుటెండలో వీఁపునఁ బట్టిన చెమట యాఱిపోవును. అడవిదారిలో సిగ్నలు సన్నగిల్లవచ్చును గనుక ముందే పటమును ఫోనులోనికి దింపుకొనుటయు, వెనుకవచ్చు లారీహారను వినఁబడునంతగాఁ బాటను దగ్గించుటయు వివేకము.