నూజివీటి నడిబజారు

వేసవి వచ్చినంతనే నూజివీటి సీమ తోటలు బంగినపల్లి, చిన్నరసము, తోతాపురి కాయలతో బరువెక్కును. ఏటికి రెండు మూడు నెలలు ఈ సీమయందు ధనము విశేషముగా చేతులు మారును. అయినను అందు పెద్దభాగము నూజివీటి బజారున నిలుచుటలేదు. కాయల లారీలు ఆగిరిపల్లి మీదుగా విజయవాడ చెంతనున్న నున్న మార్కెట్టునకు పోవుచున్నవి. అచ్చట పైకము పుచ్చుకొన్న రైతు పెండ్లి పట్టుచీరలును, పసిడియు విజయవాడలోనే కొని యిల్లు చేరుచున్నాడు. కాయ పోయిన త్రోవనే పైకమును పోవుచున్నది. 2022 ఏప్రిల్ నెలలో ఈ పట్టణము కృష్ణా జిల్లానుండి ఏలూరు జిల్లాలో చేరినది. నాటినుండి కలెక్టరు కచ్చేరి పనులకు ఏలూరును, సరకులకు విజయవాడయు మనకు గతియైనవి.

ఇట్టి స్థితిలో మేడలు కట్టి గదులు తీర్చినంతమాత్రమున వర్తకులు వచ్చి చేరుదురనుట భ్రమ. పైయంతస్తు గదులకు తాళములు పడియుండుట మన చిన్న పట్టణములలో తరచుగా చూచుచున్నదే. వర్తకుడు జనము తిరుగు చోటును వెదకుకొనును. 1956లో అమెరికాలోని ఈడైనా పట్టణమున విక్టర్ గ్రూయెన్ నిర్మించిన సౌత్‌డేల్ విపణిలో పరస్పరము పోటీపడు రెండు పెద్ద దుకాణములను ఒకే కప్పు క్రిందికి చేర్చిరి. వానికై వచ్చిన జనమే చిన్న అంగళ్లకును బేరము తెచ్చెను.

మనమును అట్లే మొదట పేరుగన్న బట్టల దుకాణము నొక్కదానిని రప్పింపవలెను. దానికి అద్దె తగ్గించి యిచ్చినను నష్టములేదు. దాని నీడను పది అంగళ్లు బ్రతుకును. మామిడితో హెచ్చి మామిడితో తగ్గు బేరమునకు పండ్రెండు నెలలును ఒకే అద్దె విధించి, పైగా భారీ అడ్వాన్సు కోరుట న్యాయము కాదు. అమ్మకమును బట్టి అద్దెలో కొంతభాగము పుచ్చుకొను పద్ధతి పెద్ద నగరముల మాల్‌లలో వాడుకలో నున్నదే. ఇక పనసకొయ్యతో చేయు నూజివీటి వీణలకును, మామిడి తాండ్రకును అందే చోటిచ్చిన, పొరుగూరివారును వాటికై వత్తురు. 2008లో వెలసిన ట్రిపుల్ ఐటీ విద్యార్థులకు వలయు సరకులును అందుండవలెను.

తోటయు, బజారున గదులును గల గృహస్థులు ఈ విషయమును తమ సొంతపనిగా నెంచవలెను. మామిడి అంటు నాటినవాడు మొదటి యేటనే కాపు కోరడు. కొన్నియేండ్లు నీరు పోయును. క్రొత్త అంగడి యెడలను ఆ యోర్పే కావలెను. రాబోవు కాపునకు ముందే యజమానులును, వర్తకులును, పురపాలక సంఘమువారును ఒకచోట కూడి అద్దెల షరతులను నిర్ణయించుకొందురుగాక.