కొలిమితిత్తితో బతికిన గాడిద

పిల్లలూ, దక్షిణ అమెరికా అడవుల్లో వేటగాళ్లు కొన్ని తీగల బెరడు కాచి, నల్లని విషం తయారుచేసేవారు. దాని పేరు క్యురారే. బాణపు మొనకు అది పూసి కొడితే ఎంత జంతువైనా కదలలేక కూలిపోయేది.

1814లో చార్లెస్ వాటర్టన్ అనే ఇంగ్లీషు ఆయన ఆ విషాన్ని లండనులో ఒక ఆడగాడిద భుజంలోకి ఎక్కించి చూశాడు. పది నిమిషాల్లో అది చచ్చినట్టు పడిపోయింది. వెంటనే దాని గొంతుకు చిన్న గంటుపెట్టి, కొలిమితిత్తితో లోపలికి గాలి ఊదారు. గంటలకొద్దీ ఊదగా గాడిద లేచి నడిచింది! ఊరాలియా అని పేరుపెట్టిన ఆ గాడిద ఆ తరువాత పాతికేళ్లు బతికింది.

విషం గుండెను ఆపలేదన్నమాట. "కదులు" అని నరం పంపే కబురు కండరానికి అందకుండా అడ్డుపడింది. ఈ సంగతి తరువాత ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్లోద్ బెర్నార్ కప్పల మీద ప్రయోగాలు చేసి తేల్చాడు. మనం ఊపిరి తీసేదీ కండరాలతోనే కదా! అవి సడలితే ఊపిరి ఆగుతుంది.

1942 జనవరి 23న కెనడాలోని మాంట్రియల్‌లో హెరాల్డ్ గ్రిఫిత్, ఈనిడ్ జాన్సన్ అనే డాక్టర్లు ఆపరేషన్‌లో రోగికి క్యురారే ఇచ్చారు. పొట్ట కండరాలు బిగుసుకోకుండా మెత్తబడితే కోత పని సులువు. ఇప్పుడు రోక్యురోనియం వంటి కొత్త మందులు వచ్చాయి. ఇవి నిద్రపుచ్చవు, నొప్పి తీయవు. అందుకు వేరే మందులున్నాయి. మత్తు డాక్టరు ముందు నిద్ర రప్పించి, ఆపైన దీన్ని ఇచ్చి, గొట్టం వేసి మరతో ఊపిరి ఆడిస్తాడు.

మరి పసివాడికి ఎంత మందు? ఇక్కడ మీ లెక్కలు పనికొస్తాయి. కిలోకు 0.6 మిల్లీగ్రాము చొప్పున 10 కిలోల బిడ్డకు 6 మిల్లీగ్రాములు. సీసాలో 50 ఉంటాయి! దశాంశ బిందువు తప్పితే మేష్టారు ఒక మార్కు తగ్గిస్తాడు, అంతే. ఆపరేషన్ గదిలో అది పదిరెట్ల మందు. అందుకే మందును పలుచన చేసి, సిరంజికి పేరు చీటీ అంటించి, ఇద్దరు చూసి మరీ ఇవ్వడం మంచి పద్ధతి.

బరువు ఒక్కటే చాలదు. శిశువు ఒంట్లో నీటిపాలు ఎక్కువ. సక్సినైల్ కోలిన్ అనే మందు అందులో పలచబడిపోతుంది గనుక, పెద్దలకు కిలోకు 1 మిల్లీగ్రామైతే శిశువుకు 2 కావాలి. రోక్యురోనియం అలాకాదు, శిశువుల్లో ఎక్కువసేపు పనిచేస్తుంది. అది దిగిందో లేదో చూడడానికి మణికట్టు నరానికి వరసగా నాలుగుసార్లు సన్నని విద్యుత్తు తగిలిస్తారు. బొటనవేలు నాలుగుసార్లూ సమానంగా కదలాలి. కదిలాకనే గొట్టం తీస్తారు.

ఇంకొక చిక్కుంది. రక్తనాళానికి పెట్టిన సన్నగొట్టంలో రెండు చుక్కలు మిగిలిపోవచ్చు. వార్డుకు వచ్చాక మరో మందు ఎక్కిస్తే అవీ లోపలికి పోతాయి. పెద్దవాళ్లకు అది లెక్కలోకి రాకపోవచ్చు గాని పసిబిడ్డకు ఊపిరి ఆగవచ్చు. అందుకే గదిలోంచి పంపేముందే ఆ గొట్టాన్ని ఉప్పునీటితో కడుగుతారు.

తల్లిదండ్రులకు ఒక మాట. బిడ్డ బరువు అందాజుగా చెప్పకండి, ఆసుపత్రిలో తూయించండి. ఇంట్లో ఎవరికైనా కండరాల జబ్బుగాని, మత్తుమందుతో ఇబ్బందిగాని వచ్చివుంటే, అడగకపోయినా డాక్టరుకు ముందే చెప్పండి. అలాంటి జబ్బు లోపల దాగివున్న పిల్లలకు సక్సినైల్ కోలిన్ ఇస్తే, రక్తంలో పొటాషియం ఒక్కసారిగా పెరిగి గుండె ఆగిపోవచ్చు.