వెన్నులోంచి నీరు తీస్తామంటే...

పసుపు తవ్వకాలు మొదలైతే ఆర్మూరు చుట్టుపక్కల నడుం నొప్పి మాట వినపడని ఇల్లుండదు. అందుకేనేమో, వెన్ను మాటెత్తితేనే మనకు గుండె ఝల్లుమంటుంది. ఇంట్లో ఒకరికి జ్వరం, విపరీతమైన తలనొప్పి, వాంతులు, మెడ వంగటం లేదు. డాక్టరుగారు వెన్నులోంచి నీరు తీసి పరీక్ష చెయ్యాలన్నారనుకోండి. మీరు కాగితం మీద సంతకం పెట్టేలోగానే చుట్టాలు చేరి “వద్దమ్మా, కాళ్లు పడిపోతాయి” అంటారు.

ఇందులో నిజమెంత? పెద్దవాళ్లలో వెన్నుపాము మొదటి, రెండో నడుము పూసల దగ్గరే ఆగిపోతుంది. సూది గుచ్చేది ఇంకా దిగువన, మూడో పూసకూ అయిదో పూసకూ మధ్యనున్న సందుల్లో. అక్కడుండేవి నీళ్లలో తేలే నరాల పోగులు. సూది తగిలితే పక్కకు జరుగుతాయి. ఒక్కోసారి కాల్లోకి జివ్వుమంటుంది. కదలకుండా నోటితో చెప్పండి, సూది సర్దుతారు. సిజేరియన్ అయిన మీలో చాలామందికి మత్తుసూది వేసిందీ ఆ చోటే కదూ! అప్పుడు మందు లోపలికి పంపారు, ఇప్పుడు నీరు బయటికి తీస్తారు.

కాళ్లకు ముప్పు బహు అరుదు. అదీ ముఖ్యంగా రక్తం సరిగా గడ్డకట్టని వాళ్లలో. కాబట్టి గుండెజబ్బుకని రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పి తీరాలి. ఇది మాత్రం మరచిపోకండి.

నీరంతా పోతుందన్న బెంగ అక్కర్లేదు. ఒంట్లో ఈ నీరు సుమారు 150 మిల్లీలీటర్లు. రోజుకు 500 దాకా కొత్తది ఊరుతుంది. పరీక్షకు తీసేది రెండు మూడు చెంచాలు. మెదడుపొరల వాపు చీము క్రిముల వల్లనా, క్షయ వల్లనా, వైరస్ వల్లనా అన్నది తేల్చేది ఆ రెండు చెంచాలే. దేని మందు దానిదే. చీము రకమైతే గంటలు లెక్క. బంధువుల సభ తీరేదాకా జబ్బు ఆగదు!

పక్కకు తిరిగి, మోకాళ్లు పొట్టకూ గడ్డం ఛాతీకీ ఆనించి ముడుచుకు పడుకోవాలి. మత్తుమందు చురుక్కుమంటుంది, తర్వాత ఒత్తినట్టుంటుంది. ఆపైన కొందరికి తలనొప్పి వస్తుంది. లేస్తే పెరిగి, పడుకుంటే తగ్గుతుంది. చాలావరకు వారంలో పోతుంది. రోజంతా దిండు లేకుండా పడుకుంటే రాదన్న పాత నమ్మకం పరిశోధనల్లో నిలవలేదు.

గుచ్చినచోట మన ఊరి పసుపు అద్దకండి, అది కూరలోకే. కాళ్లు మొద్దుబారినా, మూత్రం ఆగినా, జ్వరం కొత్తగా వచ్చినా, సూదిచోట నీరు కారుతున్నా, ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లండి.